బెల్టుకి మేకుతో పొడిచిన చిల్లు

ప్రశ్న:

నమస్కారమండీ. నా వయసు 24. మా అమ్మమ్మ పోయి ఎనిమిది నెలలైంది. 1971లో, తన 22వ ఏట, పోలీసు శాఖలో కానిస్టేబుల్‌గా చేరింది. 36 ఏళ్ళు పనిచేసి ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైంది. ఆ బ్యాచ్ ఫొటోలో నలభై మందికి పైగా మగవాళ్ళుంటే, వరస చివర అమ్మమ్మ ఒక్కతే ఉంటుంది. పనిచేసిన స్టేషన్లలో కూడా చాలా ఏళ్ళు ఆవిడ ఒక్కతే ఆడమనిషి.

వచ్చే నెల అమ్మమ్మతో పనిచేసినవాళ్ళు సంస్మరణ సభ పెడుతున్నారు. కుటుంబం తరఫున నన్ను మాట్లాడమన్నారు. మావయ్య ఒక చిన్న పుస్తకం వేయిస్తున్నాడు. అట్ట మీద 'మొట్టమొదటి మహిళా ఇన్‌స్పెక్టర్' అని పెద్దక్షరాల్లో ఉండాలంటాడు. నాకేమో ఆవిడ ఉద్యోగం గురించి ఏమీ తెలియదు. నాకు ఊహ వచ్చేసరికే రిటైరైపోయింది. స్కూల్ గేటు దగ్గర అందరికంటే ముందొచ్చి నిలబడేది. నేను ఏడుస్తుంటే "ఎందుకేడుస్తున్నావ్" అనేది కాదు. పక్కన కూర్చుని, కాసేపాగి, "మొదట ఏం జరిగింది?" అని అడిగేది. నాకు తెలిసిన అమ్మమ్మ అంతే. రాద్దామని కూర్చుంటే పేపర్లో వార్తలా వస్తోంది.

అసలు బాధ మా అమ్మతో. "నువ్వు చూసిన అమ్మమ్మ వేరు, నేను చూసిన అమ్మ వేరు. నేను పడుకున్నాక వచ్చేది, లేచేసరికి వెళ్ళిపోయేది. నేను సభకి రాను, నువ్వు వెళ్ళు" అంటోంది.

ఈమధ్య అమ్మమ్మ ట్రంకుపెట్టె తెరిచాను. యూనిఫాం, విజిల్, తోలు బెల్టు, 17 జేబు పుస్తకాలు ఉన్నాయి. బెల్టుకి మామూలుగా ఉండే చిల్లులు దాటి, ఇంకో నాలుగు వేళ్ళ లోపలికి, మేకుతో పొడిచినట్టు వంకరగా ఒక చిల్లు ఉంది. పుస్తకాల నిండా డ్యూటీ టైములు, మనుషుల పేర్లు, చిరునామాలు. 1981 నాటి పుస్తకంలో ఒక పేజీ అడుగున ఇలా ఉంది: "పాపకి జ్వరం 102. నైట్ డ్యూటీ. 2.40కి పక్కింటికి ఫోన్ చేశా, ఎత్తలేదు. 4.10కి ఎత్తారు. తగ్గిందట." ఆ పాప మా అమ్మే.

ఇది అమ్మకి చూపించనా? సభలో చదవచ్చా? అమ్మమ్మని నేను ఎలా గుర్తుపెట్టుకోవాలి?

— ఒక మనవరాలు

సమాధానం:

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ బెల్టు దగ్గరే ఆగిపోయాను. ముందు దాని గురించే మాట్లాడుకుందాం. సభలో చెప్పడానికి మీరు వెతుక్కుంటున్న మొదటి వాక్యం అక్కడే ఉందని నాకనిపిస్తోంది.

ఆ బెల్టు మగవాళ్ళ నడుముకి కొలిచి చేసింది. 22 ఏళ్ళ అమ్మాయికి అది నిలవాలంటే ఇంకో చిల్లు కావాలి. ఆ చిల్లు వేసి ఇచ్చేవాళ్ళు లేరు. ఇలాంటి నడుమున్న మనిషి ఒకరు ఈ ఉద్యోగానికి వస్తారని స్టోర్‌లో ఎవరూ అనుకోలేదు కాబట్టి, ఆ సైజే లేదు. ఎవరో ఒకరు, బహుశా ఆవిడే, ఒక మేకు తీసుకుని నేల మీద బెల్టు పెట్టి పొడిచారు. మరుసటి రోజు పెరేడ్‌కి అది పెట్టుకుని వెళ్ళి ఉంటారు.

చాలాచోట్ల ఇలాగే మొదలైంది. 1910 సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖలో చేరిన ఆలిస్ స్టెబిన్స్ వెల్స్ తన యూనిఫాం తనే గీసుకుని, తనే కుట్టుకుంది. అక్కడ పోలీసులకి ట్రామ్ టికెట్ అక్కర్లేదు, బ్యాడ్జి చూపిస్తే చాలు. ఈవిడ చూపిస్తే కండక్టర్లు నమ్మలేదు, మొగుడి బ్యాడ్జి వాడుకుంటోందని గొడవపెట్టుకున్నారు. ఆ గొడవ పడలేక శాఖవాళ్ళు ఆవిడ కోసమే ప్రత్యేకంగా 'పోలీస్ మహిళ, నంబర్ 1' అని ఒక బ్యాడ్జి చేయించి ఇచ్చారు. బ్రిటన్‌లో ఎన్నో ఏళ్ళు ఆడ కానిస్టేబుళ్ళకి హ్యాండ్‌బ్యాగులు ఇచ్చారు, ఆ బ్యాగులో పట్టేలా మగవాళ్ళ దానికన్నా పొట్టి లాఠీ ఇచ్చారు. వీధిలో ఎవరైనా మీదికొస్తే ముందు బ్యాగు తెరవాలి, అందులోంచి లాఠీ తీయాలి. ఒక్క క్షణం ఆ దృశ్యం ఊహించుకోండి.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న బెల్టు చూడండి. సభలో పైకెత్తి చూపించండి. "మా అమ్మమ్మ ఉద్యోగం గురించి నాకు పెద్దగా తెలియదు. కానీ ఈ చిల్లు చూశాను" అని మొదలుపెట్టండి. పేపర్లో వార్తలా రాదు, నేను హామీ.

పేపర్ వార్తలా ఎందుకొస్తోందో కూడా చెబుతాను. మీరు చూడని మనిషి గురించి రాయడానికి ప్రయత్నిస్తున్నారు. 'ధైర్యసాహసాలు', 'నిబద్ధత', 'ఎందరికో స్ఫూర్తి' లాంటి మాటలు తెలియని చోట మనం పరిచే దుప్పట్లు. మీరు చూసిన మనిషి గురించి రాయండి. అందులో పోలీసు లేదనుకుంటున్నారు కదా? ఉంది. మీరే రాశారు, గమనించలేదంతే.

ఏడుస్తున్న పిల్ల పక్కన కూర్చుని, ఎందుకని నిలదీయకుండా, కాసేపాగి "మొదట ఏం జరిగింది?" అని అడగడం ప్రతి అమ్మమ్మకీ వచ్చే విద్య కాదండీ. భయపడిన మనిషి దగ్గర మాట రాబట్టే పద్ధతి అది. 1980ల్లో ఫిషర్, గైసెల్మన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు సాక్షులతో ఎలా మాట్లాడాలో పరిశోధించి ఒక పద్ధతి తయారుచేశారు. దాని సారం కూడా ఇంచుమించు ఇదే: ముందు మనిషిని కుదుటపడనివ్వాలి, ప్రశ్న మీద ప్రశ్న వేయకూడదు, వాళ్ళ మాటల్లో వాళ్ళని చెప్పనివ్వాలి, మధ్యలో అడ్డు తగలకూడదు. చాలా దేశాల్లో పోలీసులకి ఇప్పుడు దాన్ని శిక్షణలో నేర్పుతున్నారు. మీ అమ్మమ్మగారు ఆ పుస్తకాలు చదివారో లేదో నాకు తెలియదు. రాత్రిపూట స్టేషన్‌లో బల్ల మీద కూర్చుని వణికిపోతున్న ఎందరు ఆడవాళ్ళని అలా అడిగి ఉంటారో, ఆ ప్రశ్న అరిగి అరిగి ఎంత నునుపుగా తయారై మీ దాకా వచ్చిందో ఆలోచించండి. మీ మోకాలు దోక్కుపోయిన రోజు మీకు దొరికింది 36 ఏళ్ళ సర్వీసు.

స్కూల్ గేటు దగ్గర అందరికంటే ముందొచ్చి నిలబడడం కూడా నాకు ఊరికే చేసిన పనిలా అనిపించలేదు. దాని సంగతి మీ అమ్మగారి దగ్గరకొచ్చినప్పుడు చెబుతాను.

మావయ్యగారి అట్ట సంగతి చూద్దాం. ఆయన ప్రేమ నాకు అర్థమవుతోంది. అయినా 'మొట్టమొదటి' అనే మాట కాగితం చేతిలో లేకుండా వేయకండి. ఈ మాట ఎంత జారుడుదో ఒక ఉదాహరణ చెబుతాను. పైన చెప్పిన ఆలిస్ వెల్స్‌నే అమెరికాలో మొదటి మహిళా పోలీసు అని చాలాకాలం రాశారు. నిజానికి పోర్ట్‌లాండ్‌లో లోలా బాల్డ్విన్ 1908లోనే చేరింది. ఆమె కంటే ముందు, 1891లో, షికాగోలో మేరీ ఓవెన్స్ ఉంది. భర్త పోయాక అయిదుగురు పిల్లలతో మిగిలిన మనిషి. ముందు ఆరోగ్య శాఖ తరఫున ఫ్యాక్టరీల్లో బాలకార్మికులని వెతికే పనిలో చేరి, తర్వాత పోలీసు శాఖలోకి వచ్చి, 1923 దాకా పనిచేసింది. ఇంత చేసిన మనిషిని అందరూ మర్చిపోయారు. ఎందుకంటే ఆ తర్వాత ఒక చరిత్రకారుడు పేరు దగ్గర పొరబడి, ఆమె పోలీసు కాదు, చనిపోయిన ఒక పోలీసు భార్య అని రాసేశాడు. ఆ ఒక్క తప్పు వాక్యం దశాబ్దాలపాటు అలాగే నిలిచిపోయింది. ఈ శతాబ్దంలో రిక్ బారెట్ అనే రిటైర్డ్ అధికారి పాత రికార్డులు తవ్వితే తప్ప ఆవిడ బయటపడలేదు.

అందుకే అంటున్నాను. మీ పుస్తకంలో తప్పు రాస్తే రేపు ఎవరో దాన్ని సరిదిద్దుతారు. ఆ సరిదిద్దడంలో మీ అమ్మమ్మగారి అసలు పని కూడా కొట్టుకుపోతుంది. నియామకపు ఉత్తర్వు, సర్వీస్ బుక్, సీనియారిటీ జాబితా, ఆ బ్యాచ్ ఫొటో, వీటిలో ఏది ఎంతవరకు చెబితే అంతవరకే రాయండి. 'ఈ బ్యాచ్‌లో ఏకైక మహిళ' అన్నది మీ ఫొటోలోనే ఉంది. నన్నడిగితే 'మొదటి' కంటే 'ఏకైక' అన్నమాటకే బరువెక్కువ. 1968లో ఇండియానాపొలిస్‌లో బెట్టీ బ్లాంకెన్‌షిప్, ఎలిజబెత్ కాఫల్ అనే ఇద్దరికి కార్ 47 అని ఒక పెట్రోలింగ్ కారు ఇచ్చారు. అప్పట్లో అది పెద్ద సంచలనం. కానీ కారులో వాళ్ళిద్దరున్నారు. ఎవరైనా వెకిలిగా మాట్లాడితే, తలుపేసుకున్నాక ఒకరి మొహం ఒకరు చూసుకోవచ్చు. మీ అమ్మమ్మగారికి ఆ రెండో మనిషి లేదు.

పుస్తకంలో ఆ కాలం గురించి ఒక పేరా వేయమని మావయ్యగారికి చెప్పండి. ఆవిడ చేరిన ఏడు ఎలాంటిదో చదివేవాళ్ళకి తెలియాలి. 1971 అంటే, కిరణ్ బేడీ ఐపీఎస్‌లో అడుగుపెట్టడానికి ఇంకా ఏడాది ఉంది. అమెరికాలో కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ, 1920ల్లో ఉన్న కొద్దిమంది తర్వాత, మళ్ళీ ఒక ఆడమనిషిని ఏజెంటుగా తీసుకున్నది 1972 జులైలో. ఇద్దరిని తీసుకున్నారు, ఒకరు అంతకుముందు క్రైస్తవ సన్యాసిని, ఇంకొకరు మెరైన్ దళంలో పనిచేసిన మనిషి. లండన్ మెట్రోపాలిటన్ పోలీసులో ఆడవాళ్ళది 1973 దాకా వేరే విభాగమే. కేరళలోని కోళికోడ్‌లో మహిళా పోలీస్ స్టేషన్ మొదలైంది 1973 అక్టోబరు 27న. న్యూయార్క్‌లో ఫెలీషియా ష్‌ప్రిట్జర్ అనే ఆవిడ 1961లో సార్జెంట్ పరీక్ష రాస్తానంటే, ఆడవాళ్ళకి కుదరదన్నారు. కోర్టుకెక్కి, గెలిచి, పరీక్ష రాసి, 1965లో ప్రమోషన్ తెచ్చుకుంది. నాలుగేళ్ళు పట్టింది, అదీ ఒక్క మెట్టు ఎక్కడానికి. కానిస్టేబుల్‌గా చేరిన మీ అమ్మమ్మగారు ఇన్‌స్పెక్టర్ దాకా వెళ్ళారంటే మధ్యలో ప్రతి మెట్టు దగ్గరా ఏం జరిగిందో కనుక్కోవాల్సిన సంగతి. దానికి చివర్లో వస్తాను.

ఇక మీ అమ్మగారు.

మీరు దీన్ని రెండు జ్ఞాపకాల మధ్య తగువులా చూస్తున్నారు. అమ్మమ్మని గొప్పగా తలుచుకుంటే అమ్మకి ద్రోహం చేసినట్టు, అమ్మ మాట వింటే అమ్మమ్మని తగ్గించినట్టు. మీ ఉత్తరం నిండా ఆ టెన్షన్ ఉంది. నాకు అలా కనిపించడం లేదు. మీకు దొరికిన ఆ తీరికైన అమ్మమ్మ, గేటు దగ్గర ముందే వచ్చి నిలబడ్డ అమ్మమ్మ, మీ అమ్మగారికి అయిదారేళ్ళ వయసులో కావాల్సిన మనిషే. ఆవిడకి ఆలస్యంగా, పెద్దయ్యాక దొరికింది. అప్పటికి ఆవిడకి అక్కర్లేదు. మీకు అక్కరపడింది, మీకు దొరికింది. ఆ గేటు దగ్గర అంత ముందుగా వచ్చి నిలబడడంలో మీ ఒక్కరి కోసం వచ్చిన మనిషే ఉందా, ఇంకో పిల్ల స్కూలు గేటు కూడా ఆవిడ కళ్ళలో ఉందా అని నాకనిపించింది. ఇది నా ఊహే. మీ అమ్మగారితో మాత్రం ఇలా అనకండి. ఆవిడ కోల్పోయినదాన్ని మీరు పొందారని గుర్తుచేసినట్టవుతుంది.

ఆవిడకి చెప్పదగ్గది ఒకటుంది. ఆడవాళ్ళని సోదా చేయాల్సొస్తే ఆడవాళ్ళే చేయాలని చాలా దేశాల చట్టాల్లో ఉంది. స్టేషన్‌కి ఒక ఆడమనిషి దెబ్బలతో వచ్చినా, ఒక ఆడమనిషిని పట్టుకొచ్చినా, తప్పిపోయిన పిల్ల దొరికినా, కబురు వెళ్ళేది స్టేషన్‌లో ఉన్న మహిళా పోలీసుకి. పదిమంది ఉంటే వంతులుంటాయి. ఒక్కరే ఉంటే అన్ని వంతులూ ఆ ఒక్కరివే. అర్ధరాత్రి, తెల్లవారుజాము, ఆదివారం. అందరికీ సెలవైన రోజున పోలీసులకి డబుల్ డ్యూటీ, అందులో ఒకే ఒక్క ఆడమనిషి అయితే ఇక చెప్పేదేముంది. మీ అమ్మగారు పడుకున్నాక వచ్చి, లేచేసరికి వెళ్ళిపోయిన అమ్మ వెనక ఈ లెక్క ఉంది. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళని ఆ స్టేషన్‌లో వేసి ఉంటే మీ అమ్మగారి బాల్యం వేరేలా ఉండేది. ఆవిడ కోపం న్యాయమైనదే. ఆ కోపంలో కొంత వాటా వాళ్ళమ్మది కాదు, ఒక్క మనిషినే పెట్టి సరిపెట్టుకున్న ఏర్పాటుది. ఈ సంగతి ఆవిడకి ఎవరైనా ఎప్పుడైనా చెప్పారా? పిల్లలకి ఎవరూ చెప్పరు. "అమ్మకి డ్యూటీ" అంటారు, అంతే.

మొదట నడిచినవాళ్ళు ఎంత చెల్లించారో మన సభల్లో చెప్పుకోం. బ్రిటన్‌లో అరెస్టు చేసే అధికారంతో నియమితురాలైన మొదటి మహిళ ఎడిత్ స్మిత్, 1915లో గ్రాంథమ్‌లో. వారానికి ఏడు రోజులూ పనిచేసింది. ఆరోగ్యం పాడై 1918లో మానేసింది. ఆవిడ గురించి రాసే ప్రతిచోటా 1915 పెద్దక్షరాల్లో ఉంటుంది, 1918 చిన్నక్షరాల్లో. మీ ఇంట్లో ఆ చిన్నక్షరాలు చదవగలిగిన మనిషి మీ అమ్మగారు ఒక్కరే. సభలో వేదిక మీద కూర్చోబోయే పెద్దలెవరికీ తెలియని సంగతులు ఆవిడకి తెలుసు. యూనిఫాం ఎక్కడ తగిలించేవారు, ఇంటికి రాగానే ముందు ఏం చేసేవారు, ఏ రోజుల్లో మాట్లాడేవారు కారు. ఆవిడని సభకి రమ్మని బతిమాలకండి. అమ్మ గురించి చెప్పమని అడగండి. కోపంగానే చెప్పనివ్వండి. మీ అమ్మమ్మగారు నేర్పిన ప్రశ్న మీ దగ్గర ఉండనే ఉంది. పక్కన కూర్చోండి, కాసేపు ఆగండి, "మొదట ఏం జరిగింది?" అనండి. తర్వాత మాట్లాడకండి.

1981 పేజీ చూపించాలి. అది మీ అమ్మగారిది, మీరు అడ్డుపెట్టుకోవడానికి లేదు. ఎలా చూపిస్తారన్నదే ముఖ్యం. "చూడమ్మా, నిన్ను ఎంత తలుచుకుందో" అని మాత్రం ఇవ్వొద్దు. అలా ఇస్తే అది తీర్పు కాగితమవుతుంది, కేసు కొట్టేశాం ఇక ఫిర్యాదు చేయకు అన్నట్టు. పుస్తకం పుస్తకంగా చేతికివ్వండి, ఆ పేజీలో ఒక చీటీ పెట్టి. "ఇందులో నీ గురించి ఒకటుంది, నీకు చదవాలనిపించినప్పుడు చదువు" అని లేచి వెళ్ళిపోండి. చదివి ఏడవచ్చు. చదివి, "రాసుకుంది గానీ రాలేదుగా" అనొచ్చు. అదీ నిజమే. కాదనకండి.

నన్ను ఆ పేజీలో పట్టుకున్నవి ఆ రెండు టైములు. 2.40, 4.10. మధ్యలో గంటన్నర. ఆ గంటన్నరా ఆవిడ ఏం చేశారో పుస్తకంలో లేదు. డ్యూటీ చేశారు, ఇంకేం చేస్తారు. ఏదో ఒక ఇంటి తలుపు కొట్టి ఉంటారు, ఎవరిదో వాంగ్మూలం రాసుకుని ఉంటారు, అవతలి మనిషికి ఈవిడ మొహంలో ఏమీ కనిపించి ఉండదు. నేరం జరిగిన టైము ఎంత జాగ్రత్తగా రాస్తారో అంత జాగ్రత్తగా తన పాప జ్వరం రాసుకున్న మనిషి.

సభలో చదవడం మాత్రం మీ అమ్మగారు ఒప్పుకుంటేనే. ఆవిడ వద్దంటే ఆ పేజీ ఇంట్లోనే ఉంటుంది, దానివల్ల మీ మాటలకి వచ్చిన లోటేం లేదు. ఒప్పుకుంటే ఇంకోటి కూడా అడగండి, "నేను పడుకున్నాక వచ్చేది, లేచేసరికి వెళ్ళిపోయేది" అన్న ఆవిడ మాటని సభలో ఆవిడ పేరు మీదే చెప్పొచ్చా అని. ఆ రెండూ పక్కపక్కన ఉంటే, వాటి మధ్య మీరేమీ వివరించక్కర్లేదు.

మిగతా పుస్తకాల గురించి కచ్చితంగా చెబుతాను, వినండి. వాటిలో ఫిర్యాదు చేసినవాళ్ళ పేర్లు, చిరునామాలు ఉన్నాయన్నారు. వాళ్ళు మీ అమ్మమ్మగారిని నమ్మి చెప్పుకున్న సంగతులవి. కొందరు ఇంకా ఉండుంటారు, వాళ్ళ పిల్లలుంటారు. ఒక్క పేజీ కూడా ఫొటో తీసి ఎక్కడా పెట్టకండి, మావయ్యగారి పుస్తకంలో బొమ్మగా కూడా వేయకండి. అత్యాచార బాధితుల వివరాలు బయటపెట్టడం చాలా దేశాల్లో నేరం కూడా. మీకు కావాల్సిన ఇంటి సంగతులు వేరే కాగితం మీద ఎత్తి రాసుకోండి. ఆ పుస్తకాలు సొంతానివా, శాఖకి తిరిగి ఇవ్వాల్సినవా అన్నది ఆవిడతో పనిచేసిన ఒక పెద్దాయన్ని అడిగితే చెబుతారు. కేసు కాగితాలేమైనా కనిపిస్తే, ఐడీ కార్డు ఉంటే, పెట్టె అడుగున పొరపాటున తూటాలు లాంటివి ఉంటే, అవి ఇంట్లో ఉంచుకోకుండా స్టేషన్‌లో అప్పజెప్పండి.

యూనిఫాంని ప్లాస్టిక్ కవర్లో కట్టేయకండి, లోపల తేమ చేరి బూజు పడుతుంది. బ్యాడ్జీలు, గుండుసూదులు, నేమ్‌ప్లేటు తీసి వేరే పెట్టండి, లోహం తుప్పు గుడ్డకి ఎక్కితే పోదు. తెల్లటి పాత నూలు గుడ్డలో వదులుగా చుట్టి, ఎండ తగలని చోట పెట్టండి. ఇత్తడి బకిల్‌ని పాలిష్‌తో రుద్దకండి, చేతులు తాకి తాకి అరిగిన చోట్లు అలాగే ఉండాలి. ఫొటోల వెనక బాల్‌పెన్‌తో రాయకూడదు, మెత్తటి పెన్సిల్‌తో తేలిగ్గా రాయండి. బ్యాచ్ ఫొటోని 600 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేయించండి. పెద్దది చేసి చూస్తే ఆ నలభై మంది మొహాలూ కనిపిస్తాయి. వాళ్ళలో ఇంకా ఎవరున్నారో మీకు కావాలి.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి ఒక కారణముంది. మా నాయనమ్మ నర్సు. ఆవిడ పోయిన పది రోజులకే గది ఖాళీ చేశాం. నైట్ డ్యూటీ పుస్తకాలు ఒక సంచీడు ఉంటే పాత కాగితాలతోపాటు వేసేశాం, ఆ సంచీ గుమ్మం దాకా మోసుకెళ్ళింది నేనే. అందులో ఏముందో ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. మీరు తెరిచారు. నాకు మీ మీద గౌరవం కలగడానికి ముందు కాస్త అసూయ కలిగింది.

అమ్మమ్మని ఎలా గుర్తుపెట్టుకోవాలి అని అడిగారు. ఇద్దరు అమ్మమ్మల్లో ఒకరిని ఎంచుకోనక్కర్లేదు. మీకు తెలిసిన మనిషి నుంచి మొదలుపెట్టి తెలియని మనిషి వైపు నడవండి, తొందరేం లేదు, ఈ సభతో అయిపోయే పని కాదది. సభలో అయిదు నిమిషాలు చాలు. బెల్టు, గేటు, "మొదట ఏం జరిగింది?", అమ్మ ఒప్పుకుంటే ఆ రెండు టైములు. బిరుదులన్నీ మిగతావాళ్ళు చెబుతారు, మీరు వాటి జోలికి పోవద్దు. మధ్యలో గొంతు పట్టేస్తే ఆగండి, ఆ హాల్లో కూర్చున్నవాళ్ళలో సగంమందికి ఆగడం తెలుసు.

తొందరపడాల్సింది ఒక్క విషయంలోనే. 1971లో చేరినవాళ్ళు ఇప్పుడు డెబ్భై అయిదు దాటి ఉంటారు. సభ దాకా ఆగకండి. ఈ వారమే ఒకరిద్దరికి ఫోన్ చేసి, ఇంటికి వెళ్ళి, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకుని కూర్చోండి. "మా అమ్మమ్మ ఎలాంటి ఆఫీసర్?" అని అడిగితే "చాలా గొప్ప ఆఫీసర్ అమ్మా" అని ఊరుకుంటారు. చిన్న చిన్నవి అడగండి. మొదటి రోజు స్టేషన్‌కి వచ్చినప్పుడు ఎక్కడ కూర్చున్నారు? యూనిఫాం మార్చుకోవడానికి గది ఉండేదా? నైట్ డ్యూటీలో జీపు ఎవరు నడిపేవారు? ఆవిడకి సెల్యూట్ చేయడానికి ఇష్టపడనివాళ్ళు ఎవరైనా ఉన్నారా, తర్వాత ఎప్పుడు చేశారు? ప్రమోషన్ వచ్చిన రోజు ఎవరేమన్నారు?

అలాగే, బెల్టు కూడా వెంట తీసుకెళ్ళండి. ఆ చిల్లు ఎవరు పొడిచారో వాళ్ళలో ఒకరికైనా తెలిసి ఉండొచ్చు.